వంద గ్రాముల తొలి చిగురు

ఏప్రిల్ 12, 2025, శనివారం. డబ్బాలో 100 గ్రాములు

మధ్యాహ్నం కొరియర్ వచ్చింది. డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్, అంటే చలికాలమంతా నిద్రపోయిన టీ పొదలు మళ్లీ వేసిన మొదటి చిగురు. మార్చిలో కోసిన ఆకు ఏప్రిల్ రెండో వారానికి హైదరాబాద్‌లో మా వంటింటి గట్టు మీదికి చేరింది. తోట ఎత్తు 1,800 మీటర్లు అని ప్యాకెట్ మీద ఉంది. లాట్ నంబరు డీజే-7, అంటే ఆ తోటలో ఈ ఏడాది తయారైన ఏడో విడత. పక్కన టీ ఆకు పట్టుకున్న స్త్రీ బొమ్మ. డార్జిలింగ్ టీకి టీ బోర్డు ఇచ్చే ముద్ర అది. మన దేశంలో మొట్టమొదట జీఐ, అంటే ఫలానా ప్రాంతానికే చెందిన సరుకు అనే గుర్తింపు పొందింది కూడా ఈ టీయే, 2004లో.

కత్తెరతో అంచు కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకుని అలాగే ఉండిపోయాను. పూల వాసనే, కానీ మల్లె కాదు, సంపెంగ కాదు. దాని వెనక కోసిన పచ్చిగడ్డి ఎండకు ఆరుతున్నప్పటి వాసన. ఆ పూల వాసన నాకు బాగా తెలిసిందే, చిన్నప్పటి నుంచి తెలిసిందే. పేరు మాత్రం నోటికి రావడం లేదు.

ఆకు కూడా మనకు అలవాటైన టీపొడిలా లేదు. బూడిద కలిసిన ఆకుపచ్చ, అక్కడక్కడ గోధుమరంగు, మధ్యలో తెల్లటి నూగుతో సన్నటి మొగ్గలు. దీన్ని బ్లాక్ టీ కిందే లెక్కేస్తారంటే చూసిన వాళ్లు నమ్మరు.

ఈ డైరీ మొదలుపెట్టింది ఒక్క పనికి. ప్యాకెట్లో ఉన్న ఈ వాసన కప్పులోకి రావాలి. ఎందుకంటే ఇవాళ రాలేదు. కెటిల్ నిండా నీళ్లు మరిగించి, పెద్ద స్పూనుతో ఆకు వేసి, ఐదు నిమిషాలు ఉంచి వడకట్టాను. ముదురు గోధుమరంగు, మొద్దు చేదు, వాసన ఏమీ లేదు. మూడు నిమిషాలతో ఇంకోసారి చేశాను. చేదు కొంచెం తగ్గింది, వాసన అప్పుడూ లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం. 94 గ్రాములు

ఉజ్జాయింపు లెక్కలు మానేశాను. నా స్పూనుకి ఒకసారి 1.6 గ్రాములు వస్తుంటే ఇంకోసారి 2.4 వస్తోంది. ఈ ఆకు ఉబ్బుగా, తేలికగా ఉంటుంది కాబట్టి స్పూనుని నమ్మకూడదు. బుల్లి డిజిటల్ త్రాసు తీశాను.

టీ రుచి చూసే వాళ్లకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ఓ 3103. 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకి 2 గ్రాముల ఆకు, మూత పెట్టి ఆరు నిమిషాలు. ఇష్టంగా తాగడానికి పెట్టిన లెక్క కాదిది. పది తోటల టీలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఏ లోపమూ దాక్కోకుండా గట్టిగా దించే పద్ధతి. నా టీలో లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి అదే పాటించాను.

కప్పు పక్కన పెట్టిన రెండు నిమిషాలకు పైన ఒక పొర కనిపించింది. కిటికీ వెలుగులో పెట్టి చూస్తే సన్నటి అభ్రకం రేకులా మెరుస్తోంది. స్పూను మొనతో తాకితే పెళుసుగా పగిలి ముక్కలు ముక్కలుగా తేలింది. కప్పు అంచు చుట్టూ గోధుమరంగు గీత మిగిలింది. పాల టీ తాగేటప్పుడు ఇది రోజూ ఉండే ఉంటుంది. మీగడ అనుకుని నేనెప్పుడూ పట్టించుకోలేదు.

అందులో మూడు చుక్కల నిమ్మరసం వేశాను. పొర కరిగిపోయింది. రంగు కళ్లముందే ముదురు గోధుమ నుంచి తేనెరంగుకి మారింది. తప్పు ఆకుది కాదు, నీళ్లది.

ఏప్రిల్ 15, మంగళవారం. 89 గ్రాములు

ఆఫీసు నుంచి వస్తూ టీడీఎస్ మీటరు కొన్నాను, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించేది. మా అపార్టుమెంట్ కుళాయిలో వచ్చేది ఎక్కువగా బోరు నీళ్లు. మీటరు 640 చూపించింది. ఆర్వో నీళ్లు 35. కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టేది ఈ బోరు నీళ్ల వల్లే. నీళ్లలోని కాల్షియం, బైకార్బొనేట్ టీలోని పదార్థాలతో కలిసి గాలి తగిలేచోట ఆ పొర కడతాయి. నీళ్ల క్షారగుణానికి టీ రంగు నల్లబడుతుంది, వాసన అణిగిపోతుంది.

మూతలున్న తెల్ల కప్పులు నాలుగు వరసగా పెట్టాను. ఒక్కోదాంట్లో 2 గ్రాముల ఆకు, 100 మిల్లీలీటర్లు, నాలుగు నిమిషాలు. నీళ్లు మాత్రం వేరువేరు.

బోరు నీళ్లు: నిన్నమొన్నటి కథే.

బోరు నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి, పైన తేరిన నీళ్లు మళ్లీ కాచినవి: పొర బాగా తగ్గింది. పూలవాసన లీలగా తెలుస్తోంది. ఆర్వో లేని ఇంట్లో ఈ ఒక్క పని చేసినా తేడా ఉంటుంది.

ఆర్వో నీళ్లు: అద్దంలా తేటగా ఉంది, లేత బంగారు రంగు. మూత తీయగానే వాసన ముక్కుకి తగిలింది, మూడు రోజుల్లో మొదటిసారి. కానీ నోట్లో పోసుకుంటే పలచగా, ఎక్కడో పదునుగా ఉంది. నాలుక మీద నిలవకుండా జారిపోయింది.

ఏడు వంతుల ఆర్వోకి ఒక వంతు బోరు: మీటరు 112. ఇదీ! వాసన అలాగే ఉంది, నోట్లో నిండుతనం వచ్చింది. పొర లేదు.

నాలుగు కప్పులూ ఎడమ నుంచి కుడికి చూస్తే ఒకే ప్యాకెట్లోని ఆకు అంటే నమ్మశక్యంగా లేదు. మొదటిది మురుగు రంగు, చివరిది పొద్దుతిరుగుడు రేకు రంగు. ఇన్నేళ్లుగా మంచి టీ తెప్పించుకుని, "నా నోటికి అర్థం కాలేదేమో" అనుకుని పక్కన పెట్టేసిన ప్యాకెట్లు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది.

ఏప్రిల్ 19, శనివారం. 79 గ్రాములు

నీళ్లు కుదిరాయి. ఇక వేడి, సమయం. రోజంతా దీనికే పెట్టుకున్నాను.

నాన్న నాతోనే ఉంటారు. ఆయన తాగేది చిక్కటి పాల టీ, యాలక్కాయ దంచి వేసింది, రోజుకి మూడుసార్లు. నేను కప్పుల్లోంచి జుర్రుమని శబ్దం చేస్తూ తాగుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. రుచి చూసే వాళ్లు అలాగే తాగుతారు నాన్నా అని చెప్పాను. గాలితో కలిపి జుర్రుకుంటే టీ తుంపరగా నోరంతా పరుచుకుంటుంది, వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. ఆయన కూడా ఒక స్పూను అలాగే తాగారు.

"చేదుగా ఉంది తల్లీ," అన్నారు.

ఇంకో కప్పు ఇచ్చాను. అది కాసేపు నోట్లో ఉంచుకుని మింగి, "ఇది చేదు కాదు, వగరు," అన్నారు.

"రెండూ ఒకటి కాదా?"

"ఉగాది పచ్చడి తిన్న నోరే కదమ్మా నీది. వేపపువ్వు ఎక్కడ తెలుస్తుంది? నాలుక వెనక. మామిడి పిందె? బుగ్గల్లో పట్టుకుంటుంది. అదే చేదుకీ వగరుకీ తేడా."

ఆ మాటతో నా నోట్‌బుక్ మారిపోయింది. అంతవరకు "చేదు: ఎక్కువ, తక్కువ" అని ఒకే గడి రాసుకుంటున్నాను. ఇప్పుడు చేదుకి ఒకటి, వగరుకి ఒకటి. అలా విడదీయగానే పొద్దుటి నుంచి చేసిన కప్పులన్నీ అర్థమయ్యాయి. వగరు అసలు రుచే కాదని, ఒక స్పర్శ అని శాస్త్రం చెబుతుంది. టీలోని పాలిఫినాల్స్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల నోరు బిగిసినట్టవుతుంది. ఈ టీకి ప్రాణం ఆ బిగుతే. అది లేకపోతే పూలు నానబెట్టిన నీళ్లలా ఉంటుంది. చేదు మాత్రం రాకూడదు.

మరిగి దించిన వెంటనే పోసి ఐదు నిమిషాలు ఉంచితే వగరూ చేదూ రెండూ వచ్చాయి, చేదు ముందు. 80 డిగ్రీల నీళ్లతో మూడు నిమిషాలు ఉంచితే చేదు లేదు, వగరు లేదు. తియ్యగా, మర్యాదగా, నిస్సారంగా ఉంది. 92 దగ్గర మూడు నిమిషాలకు వగరు బుగ్గల్లో చక్కగా నిలిచింది, చేదు రాలేదు, మింగాక గొంతులో తీపి తేలింది. మూడున్నర నిమిషాలకు ఇంకొంచెం దిట్టంగా వచ్చింది. నాలుగో నిమిషం దాటితే చేదు మొదలు.

92 దగ్గరే ఎందుకు కుదిరిందా అని ఆలోచిస్తే ఒక లెక్క తట్టింది. ఎత్తుకి పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున. హైదరాబాద్ 540 మీటర్ల మీద ఉంది, ఇక్కడ మరిగేది 98 దగ్గర. డార్జిలింగ్ ఊరు 2,000 మీటర్ల పైన. అక్కడ నీళ్లు 93 దగ్గరే తెర్లుతాయి. అంటే ఆ కొండ మీద ఎవరు టీ పెట్టుకున్నా అంతకంటే వేడి నీళ్లు ఆకుకి తగలవు. నేను ఇక్కడ థర్మామీటరు పెట్టుకుని వెతికింది వాళ్ల మామూలు కెటిల్ వేడినే. దీనికి చాలాసేపు సంబరపడ్డాను. మా వంటింట్లో అయితే కెటిల్ ఆగాక మూత తీసి రెండు నిమిషాలు వదిలేస్తే 92కి దిగుతుంది. కప్పుని ముందు వేడినీళ్లతో కడిగి ఉంచాలి, లేకపోతే చల్లటి పింగాణీయే ఐదారు డిగ్రీలు లాగేస్తుంది.

ఏప్రిల్ 20, ఆదివారం. 67 గ్రాములు

వాసన పేరు దొరికింది.

నాన్న పొద్దున వాకింగ్ నుంచి వస్తూ జేబురుమాలులో వేపపూత తెచ్చారు. చివరి విడత పూత, ఎండబెట్టి చారుకి దాచుకోవడానికి. బాల్కనీలో పేపరు పరిచి ఆరబోస్తుంటే గాలికి లోపలికి వచ్చింది. తేనెలాంటి, కొంచెం పచ్చివాసన కలిసిన సన్నటి పూలవాసన. ఆకు డబ్బా తెచ్చి పక్కన పెట్టుకుని, ఒకసారి ఇది, ఒకసారి అది చూశాను. రెండూ ఒకటే అనను. టీలో పచ్చి బాదం లాంటిది ఇంకేదో ఉంది. కానీ వారం నుంచి నాలుక చివర ఆడుతున్న పేరు ఇదే. రుచి పుస్తకాల్లో ఈ టీకి రాసే ఆప్రికాట్, వైట్ పీచ్ నేను పెరిగిన ఇంట్లో లేవు. వేపపూత ఉంది. పైగా రెండూ ఒకే రోజుల్లో వస్తాయి. అక్కడ తొలి కోత జరిగేది ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మధ్య దాకా, ఇక్కడ ఉగాది అటూ ఇటూ.

టీ వాసనలో ముఖ్యమైనవి రెండు. గులాబీలో ఉండే జెరానియోల్ ఒకటి, మన ధనియాల వాసనకి మూలమైన లినలూల్ ఇంకొకటి. రెండూ ఆవిరితో ఎగిరిపోయేవే. అందుకే మూత ముఖ్యం. మూడు నిమిషాలూ మూత పెట్టి ఉంచి, తీసిన వెంటనే మూత లోపలి వైపు చూస్తే టీలో కంటే గాఢంగా ఉంటుంది వాసన. ఇకనుంచి మొదట మూత, తర్వాత తడి ఆకు, ఆఖరున టీ.

ఏప్రిల్ 26, శనివారం. 60 గ్రాములు

దించేసిన ఆకుని తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి విప్పదీశాను. పారేసే ముందు ఎవరైనా ఒకసారి చూడాల్సిన దృశ్యం. ముడుచుకున్న పుల్లలు విచ్చుకుని రెండాకులూ ఒక మొగ్గా కనిపించాయి, కొమ్మ నుంచి ఇప్పుడే గిల్లినట్టు. పెద్దాకు నా చిటికెన వేలి రెండు కణుపులంత లేదు. అంచున రంపపు పళ్లు. ఒకే ఆకులో కాడ దగ్గర రాగిరంగు, అంచు మీద రాగిరంగు, మధ్యలో ఇంకా పచ్చదనం. 2.5 గ్రాములకి యాభై పైగా చిగుళ్లు లెక్కపెట్టి, విరిగినవి ఎన్నో తేలక ఆపేశాను. కిలో టీకి ఇరవై వేల పైచిలుకు చిగుళ్లు కావాలంటారు. ఒక్కొక్కటీ చేత్తో గిల్లినదే, ఎక్కువగా ఆడవాళ్లు, బుట్ట నుదుటి పట్టీతో వీపున మోస్తూ, కాలు జారే వాలు మీద నిలబడి. నా కప్పులో యాభై గిల్లుళ్లు ఉన్నాయి. అది తెలిశాక ఐదు నిమిషాలు మరగబెట్టి పారబోయడానికి చేయి రాదు.

ఆకు చిన్నది ఎందుకంటే ఇది చైనా జాతి పొద. 1841లో డాక్టర్ ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ డార్జిలింగ్‌లో తన పెరట్లో నాటి చూసింది ఆ జాతి విత్తనాలే. 1850లలో తోటలు మొదలయ్యాయి. అస్సాం జాతి ఆకు దీనికంటే చాలా పెద్దది.

ఆ పచ్చదనం సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. కోసిన ఆకుని తొట్ల మీద పరిచి రాత్రంతా గాలి పట్టి వాడబెడతారు. మామూలు బ్లాక్ టీకి ఓ మోస్తరుగా వాడిస్తే చాలు. తొలి కోతకి మాత్రం బరువులో మూడింట రెండు వంతుల దాకా పోయేలా గట్టిగా వాడిస్తారు. తర్వాత యంత్రంలో నలిపినా, లోపల తడి తక్కువ కాబట్టి ఆకు గాలికి ఎర్రబడే పని సగంలోనే ఆగిపోతుంది. వెంటనే వేడిగాలితో ఆరబెడతారు. పచ్చివాసన, పూలవాసన మిగిలేది అందుకే. మన పాల టీకి వాడే సీటీసీ పొడి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1930లలో అస్సాంలో వచ్చిన పద్ధతి అది. పళ్ల రోలర్ల మధ్య ఆకుని చింపి, నలిపి, గుండ్రటి గింజలుగా చుడతారు. గట్టి రంగు, గట్టి రుచి రెండు నిమిషాల్లో దిగుతాయి. పాలు, చక్కెర, యాలక్కాయ తట్టుకునేది అదే. నాన్న టీలో ఈ ఆకు వేస్తే పాపం ఆకుదీ, నాన్నదీ కూడా.

ఒకసారి దించిన ఆకుకే రెండో నీళ్లు: 92 డిగ్రీలు, నాలుగున్నర నిమిషాలు. పూలవాసన సగం, వగరు సగం, తీపి ఎక్కువ. మూడోసారికి ఏమీ లేదు.

మే 3, శనివారం. 45 గ్రాములు

చెడ్డ వారం. మంగళవారం నుంచి కప్పు మూతలో వాసన తగ్గుతోంది. నీళ్లు మార్చి చూశాను, మీటరు చూశాను, త్రాసు సరిచూశాను. ఇవాళ డబ్బా తెరిచి ముక్కు పెడితే తెలిసింది. వేపపూత వాసన కింద ఇంగువ.

డబ్బా పోపులపెట్టె పక్క అరలో పెట్టాను. మూత బిగుతుగా లేదు. పొయ్యికి రెండడుగుల దూరం, బయట 40 డిగ్రీలు దాటిన ఎండ. టీ ఆకు తడినీ వాసననీ రెండింటినీ పీల్చుకుంటుంది. ఎత్తు మీద చలిలో నెమ్మదిగా పెరిగి అంత వాసన పోగు చేసుకున్న ఆకుకి నేనిచ్చిన చోటు అది. చాలా బాధేసింది.

మొత్తం పరిచి పైన, అడుగున వేరువేరుగా చూశాను. పైన ఉన్న పాతిక గ్రాములకి పట్టింది. అడుగున ఉన్న 20 గ్రాములు కొరియర్‌లో వచ్చిన వెండిరంగు ప్యాకెట్లోనే, అంచు మడిచి ఉండటంతో బాగానే ఉంది. దాన్ని గాలి తీసి క్లిప్పు పెట్టి, స్టీలు డబ్బాలో వేసి, పడకగదిలో బట్టల బీరువా కింది అరలో పెట్టాను. నాఫ్తలీన్ గోళీలు ముందే తీసేశాను. ఫ్రిజ్‌లో పెట్టలేదు. తీసిన ప్రతిసారీ ఆకు మీద చెమ్మ పడుతుందని భయం.

మే 11, ఆదివారం. మంచివి 20, ఇంగువ పట్టినవి 25

ఇంగువ పట్టిన ఆకుతో చల్లటి టీ. లీటరు ఆర్వో మిశ్రమానికి 8 గ్రాములు, గాజుసీసాలో, రాత్రంతా ఫ్రిజ్‌లో. చల్లటి నీళ్లకి చేదు దాదాపు దిగదు, ఇంగువ వాసన కూడా అంతగా పైకి తేలలేదు. పొద్దున వడకట్టి గ్లాసులో పోస్తే లేత ముంజె నీళ్ల లాంటి చలవ, చివర్లో చిన్న వగరు. ఎండన పడి వచ్చిన వాళ్లకి ఇచ్చాను, రెండో గ్లాసు అడిగారు. మిగిలిన ఆకు కూడా ఇలాగే వాడేస్తాను.

మే 18, ఆదివారం. మంచివి 15

ఇవాల్టికి నా లెక్క ఇలా స్థిరపడింది: ఆకు 2.5 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు, టీడీఎస్ 110 అటూ ఇటూ, వేడి 92, మూత పెట్టి మూడు నిమిషాల పదిహేను సెకన్లు. వడకట్టేటప్పుడు ఆఖరి చుక్కదాకా వంచాలి. ఆకు దగ్గర మిగిలిన నీళ్లు రెండో కప్పుని చేదు చేస్తాయి. పాలు వద్దు, చక్కెర వద్దు, నిమ్మకాయ వద్దు.

10 గ్రాములు కదపకుండా దాస్తున్నాను. మే, జూన్‌లలో రెండో కోత జరుగుతుంది. అది తెప్పించి ఇదే నీళ్లతో పక్కపక్కన పెట్టి చూడాలి. రెండో కోత ముదురు రాగిరంగులో, పండిన ద్రాక్ష వాసనతో ఉంటుందంటారు. దానికి మన పేరు ఏది దొరుకుతుందో.

ఇంకా 5 గ్రాములు, అంటే రెండు కప్పులు. నాన్న మధ్యాహ్నం నిద్ర లేచి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. పాలగిన్నె తీయబోతే వద్దన్నారు. "ఆ వేపపూత టీ ఉందా ఇంకా?" అని అడిగారు.

కెటిల్ ఆగింది. మూత తీశాను. రెండు నిమిషాలు.